రెఫరీ తప్పు చేస్తే జవాబు ఎవరు చెప్పాలె?

దేవరకొండ_స్టాపర్ · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. చాలా రోజుల నుంచి మనసుల ఉన్న ముచ్చట, ఇయ్యాల రాస్తున్న.

2024 జూన్ 11, దోహాల ఇండియా–ఖతార్ ఫుట్‌బాల్ వరల్డ్ కప్ క్వాలిఫయర్. కెప్టెన్ సునీల్ ఛెత్రి రిటైరైనంక మనోళ్లు ఆడిన మొదటి మ్యాచ్. 37వ నిమిషంల ఛాంగ్టే గోల్ కొట్టిండు. గెలిస్తే ఇండియా మొట్టమొదటిసారి మూడో రౌండ్‌కు పోతది. 73వ నిమిషం దాకా మనమే ముందున్నం. అప్పుడు ఖతార్ హెడర్‌ను మన కీపర్ గుర్‌ప్రీత్ ఆపిండు, బంతి దొర్లుకుంట గోల్ లైన్ దాటి బయటికి పోయింది. ఖతార్ ఆటగాడు ఒకడు దాన్ని కాలుతోని వెనక్కి గుంజిండు, యూసఫ్ ఐమన్ లోపలికి కొట్టిండు. మనోళ్లు బంతి బయటికి పోయిందని నిలబడిపోయిన్రు. రెఫరీ లైన్స్‌మన్‌తోని మాట్లాడి గోల్ ఇచ్చిండు. ఆ రౌండ్‌ల వీఏఆర్ (వీడియో చూసి రెఫరీ తప్పు సరిచేసే పద్ధతి) లేదు. 85వ నిమిషంల ఇంకో గోల్ పడ్డది. 2–1. కథ అయిపోయింది.

మన దేశ ఫుట్‌బాల్ సంఘం ఏఐఎఫ్ఎఫ్, ప్రపంచ సంఘం ఫిఫాకు, ఆసియా సంఘం ఏఎఫ్‌సీకి ఫిర్యాదు రాసింది, విచారణ జరపమన్నది. ఫలితం మారలేదు. మారదని నాకు ముందే ఎరుక. కడుపుల మండేది దానికి కాదు. ఆ రెఫరీ లైన్స్‌మన్‌ను ఏమడిగిండు, ఆయన ఏం చెప్పిండు, ఆ మాట మనకు ఇప్పటికీ వినబడలేదు.

కోచ్ తప్పు చేస్తే మ్యాచ్ అయినంక ప్రెస్ ముందట కూసుంటడు. ఆటగాడు తప్పు చేస్తే బెంచీ మీద కూసుంటడు. రెఫరీ తప్పు చేస్తే ఎవరు కూసోవాలె, ఎక్కడ కూసోవాలె? మీరేమంటరు?

రెడ్స్_మిర్యాలగూడ · శనివారం రాత్రి 9:31

అన్నా, మా లివర్‌పూల్‌కు జరిగింది నీకు తెలుసు కదా. 2023 సెప్టెంబర్ 30, టాటెన్‌హామ్ మీద. లూయిస్ డియాజ్ గోల్ కొట్టిండు, లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ (పాస్ పడేటప్పటికే డిఫెండర్లను దాటి ముందున్నడని) జెండా ఎత్తిండు. వీఏఆర్ గదిల కూసున్నాయన గీతలు చూసిండు, ఆఫ్‌సైడ్ కాదని ఆయనకు కనబడ్డది. కానీ మైదానంల గోల్ ఇచ్చిన్రని ఆయన అనుకున్నడు! అందుకని "చెక్ కంప్లీట్" అన్నడు. రెఫరీ దాన్ని ఆఫ్‌సైడే ఖాయం అన్నట్టు తీసుకొని ఆట మొదలుపెట్టిండు. కొన్ని సెకన్లకే గదిల ఉన్న రీప్లే ఆపరేటర్ తప్పు పట్టుకున్నడు, ఆట ఆపమన్నడు. వీఏఆర్ ఆయన మాత్రం ఇప్పుడేం చేయలేం అన్నడు. చివరికి 9 మందితోని ఆడి, 96వ నిమిషంల సెల్ఫ్ గోల్ పడి 2–1 ఓడిపోయినం.

అయితే నీ ప్రశ్నకు ఇది సగం జవాబు. రెఫరీల సంస్థ అదే రాత్రి తప్పయిందని ఒప్పుకున్నది. మూడు రోజులకు గదిల జరిగిన మాటలన్నీ ఆడియో బయట పెట్టింది. నేను అది విన్న. కోపం పోలేదు, కానీ కుట్ర లేదని మాత్రం తెలిసిపోయింది. తొందరపాటు, ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోవడం, అంతే. ఆడియో రాకపోతే నేను ఇప్పటికీ "కొనేసిన్రు" అనే అంటుంటి.

పాలమూరు_9 · శనివారం రాత్రి 9:50

ఒప్పుకుంటే ఏమొస్తది తమ్మీ? పాయింట్లు వచ్చినయా? ఖతార్‌ల పోయిన మ్యాచ్ తిరిగి వచ్చిందా?

నా లెక్క సీదా. పైసలు తీసుకుంటున్నరు కదా, ప్రొఫెషనల్స్ కదా, పెద్ద తప్పుకు ఫీజు కోయాలె, నెల రోజులు ఇంట్ల కూసోబెట్టాలె. బస్ డ్రైవర్ యాక్సిడెంట్ చేస్తే డిపో ఊకుంటదా? క్రికెట్‌ల చూడలేదా, 2008 జనవరిల సిడ్నీ టెస్ట్ తర్వాత మనోళ్లు గట్టిగ నిలబడితే ఐసీసీ ఎంపైర్ స్టీవ్ బక్నర్‌ను పెర్త్ టెస్ట్ నుంచి తీసేసి బిల్లీ బౌడెన్‌ను పెట్టింది. అట్లుండాలె.

గద్వాల్_విజిల్ · శనివారం రాత్రి 10:25

నేను జిల్లా, రాష్ట్ర స్థాయి మ్యాచ్‌లకు విజిల్ వేస్తుంట. ఈ చర్చల మా తరఫు మాట ఒకటి ఉండాలని రాస్తున్న.

ముందు ఆ ఖతార్ గోల్. అసిస్టెంట్ రెఫరీ, అంటే లైన్స్‌మన్, చివరి నుంచి రెండో డిఫెండర్‌తోని సమానంగ ఉండాలె, బంతి వాళ్లను దాటితే బంతితోని సమానంగ ఉరకాలె. హెడర్ పడ్డప్పుడు ఆయన ఆరు గజాల బాక్స్ దగ్గర ఉన్నడనుకోండి, బంతి గోల్ లైన్ చేరేటప్పటికి ఆయన ఇంకా రెండు మూడు అడుగులు వెనకనే ఉంటడు. అక్కడి నుంచి ఏటవాలుగ చూస్తే మధ్యల కీపర్ ఒళ్లు, డిఫెండర్ల కాళ్లు, గోల్ పోస్ట్ అడ్డం వస్తయి. బంతి మొత్తం గీత దాటితేనే బయట, గీత మీద వెంట్రుకంత ఉన్నా ఆటలోనే. టీవీల మనం చూసేది గీత మీదికి పెట్టిన కెమెరా. ఆయనకు అది లేదు.

అయినా ఆ నిర్ణయం తప్పే. మాకు మొదటి రోజు నుంచి నేర్పేది ఒకటే, కళ్లతోని చూడంది ఇయ్యొద్దు. పదకొండు మంది ఒక్కసారి నిలబడిపోయిన్రంటే ఏదో జరిగిందని రెఫరీకి అనుమానం రావాలె.

ఇగ శిక్ష సంగతి. మాకు శిక్ష లేదని ఎవరన్నరు? స్టాండ్‌ల అసెసర్ కూసుంటడు. ఎక్కడ నిలబడ్డవ్, ఏ ఫౌల్ వదిలేసినవ్, కార్డు ఎందుకు తీయలేదు, అన్నీ రాసి మార్కులు వేస్తడు. మార్కులు తగ్గితే మ్యాచ్‌లు తగ్గుతయి, పై గ్రేడ్ ఆగిపోతది. ఫిట్‌నెస్ టెస్ట్ ఒకటి ఉన్నది, 75 మీటర్లు 15 సెకన్లల ఉరికి 25 మీటర్లు నడవాలె, అట్ల 40 సార్లు. పైస్థాయి రెఫరీ అది దాటకపోతే విజిల్ పక్కన పెట్టాలె. ఇదంతా బయటోళ్లకు కనబడదు. మా నోరు కట్టేసి ఉంటది, మ్యాచ్ గురించి బయట మాట్లాడొద్దని చెప్తరు. అందుకే జనం మమ్మల్ని అడిగేటోడు లేడనుకుంటరు.

అడ్మిన్ · శనివారం రాత్రి 10:40

ఒక రెఫరీ ఫోటో పెట్టి, కుటుంబాన్ని కలిపి తిట్టిన పోస్ట్ ఒకటి తీసేశాం. నిర్ణయం మీద ఎంతైనా వాదించుకోండి, మనుషుల ఇండ్ల మీదికి పోవద్దు.

వనపర్తి_వకీల్ · శనివారం రాత్రి 11:05

ఇక్కడ రెండు రకాల తప్పులు కలిసిపోతున్నాయి. వాటిని విడదీస్తే మాట తేలుతుంది.

ఆట చట్టాలలో 5వ నిబంధన రెఫరీ గురించి. ఆటలో జరిగిన విషయాల మీద, అంటే గోల్ అయిందా లేదా అన్నదానితో సహా, రెఫరీ మాటే ఆఖరు. ఆట తిరిగి మొదలయ్యాక ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవడానికి లేదు. డియాజ్ గోల్ విషయంలో గదిలో ఉన్నవాళ్ల చేతులు కట్టేసింది ఇదే.

కానీ రెఫరీ చట్టాన్నే తప్పుగా అన్వయిస్తే? 2005 సెప్టెంబర్‌లో ఉజ్బెకిస్తాన్–బహ్రెయిన్ వరల్డ్ కప్ క్వాలిఫయర్. ఉజ్బెకిస్తాన్ పెనాల్టీ గోల్ కొట్టింది, కానీ కిక్ కొట్టకముందే వాళ్ల ఆటగాడు బాక్సులోకి జొరబడ్డాడు. చట్టం ప్రకారం కిక్ మళ్లీ కొట్టించాలి. రెఫరీ బహ్రెయిన్‌కు ఫ్రీకిక్ ఇచ్చాడు. 1–0తో గెలిచిన ఉజ్బెకిస్తానే ఫిర్యాదు చేసింది, 3–0గా ప్రకటించమంది. ఫిఫా ఆ మ్యాచ్‌నే రద్దు చేసి మళ్లీ ఆడించింది. ఈసారి తాష్కెంట్‌లో 1–1, బహ్రెయిన్‌లో 0–0. బయటి మైదానంలో కొట్టిన గోల్ లెక్కన బహ్రెయిన్ ముందుకు పోయింది. న్యాయం అడిగినవాడే నష్టపోయాడు, పాపం.

మూడోది అసలు తప్పే కాదు, నేరం. 2016 నవంబర్‌లో దక్షిణాఫ్రికా–సెనెగల్ మ్యాచ్. బంతి సెనెగల్ ఆటగాడు కూలిబాలీ మోకాలికి తగిలితే హ్యాండ్‌బాల్ అని పెనాల్టీ ఇచ్చారు, దక్షిణాఫ్రికా 2–1తో గెలిచింది. ఫిఫా ఆ రెఫరీని జీవితకాలం నిషేధించింది, క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాన్ని సమర్థించింది. 2017 నవంబర్‌లో మ్యాచ్ మళ్లీ ఆడారు, సెనెగల్ 2–0తో గెలిచి 2018 వరల్డ్ కప్‌కు వెళ్లింది.

పాలమూరు గారు అడుగుతున్న శిక్ష మూడో రకానికి సరిపోతుంది. దాన్ని మొదటి రకానికి, చూపు తప్పిపోయిన మనిషికి వేస్తే అన్యాయం.

పాలమూరు_9 · శనివారం రాత్రి 11:20

వకీల్ సాబ్, మీరు చెప్పింది బాగున్నది. కానీ చూపు తప్పిందా, కావాలని తప్పించిండా అన్నది మాకెట్ల తెలుస్తది? మూడో రకమోడు కూడా "నాకట్లనే కనబడ్డది" అనే అంటడు కదా.

దేవరకొండ_స్టాపర్ · శనివారం రాత్రి 11:28

గదే అన్నా నేను మొదటి నుంచి అడుగుతున్నది. తలుపు మూసి ఉన్నంతసేపు మంచోడు, దొంగ ఇద్దరూ మనకు ఒక్కతీరుగనే కనబడుతరు. తలుపు తీయడం వల్ల ముందు బాగుపడేది నిజాయితీ ఉన్న రెఫరీనే.

నకిరేకల్_బెంగళూరు · ఆదివారం ఉదయం 8:15

మాది నకిరేకల్, ఉద్యోగం బెంగళూరుల. రాత్రి అంతా చదివిన. మన దేశ ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్న.

2023 మార్చి 3, కంఠీరవ స్టేడియం, బెంగళూరు–కేరళ బ్లాస్టర్స్ నాకౌట్. ఎక్స్‌ట్రా టైమ్‌ల, 96వ నిమిషం. ఫ్రీకిక్ వస్తే కేరళ వాళ్లు ఇంకా గోడ (బంతికి అడ్డంగ నిలబడే ఆటగాళ్ల వరుస) కట్టుకోకముందే ఛెత్రి కొట్టేసిండు, గోల్. కేరళ కోచ్ వుకొమనోవిచ్ టీమ్‌ను మైదానం నుంచి తీసుకపోయిండు. ఏఐఎఫ్ఎఫ్ క్లబ్‌కు 4 కోట్ల జరిమానా వేసింది, క్షమాపణ చెప్పకపోతే 6 కోట్లు అన్నది. కోచ్‌కు 10 మ్యాచ్‌ల నిషేధం, 5 లక్షలు. ఆట వదిలి పోవడం తప్పే, ఆ శిక్షను నేను కాదనను.

అసలు ప్రశ్న మాత్రం చిన్నది. ఫ్రీకిక్‌ను విజిల్ లేకుండ తొందరగ కొట్టొచ్చు. కానీ రెఫరీ గోడను వెనక్కి జరపడం మొదలుపెట్టిండంటే విజిల్ దాకా ఆగాలె. ఆ క్షణంల రెఫరీ ఏది మొదలుపెట్టిండు? ఛెత్రితోని ఏం మాట్లాడిండు? ఆ ఒక్క మాట ఆయన నోటి నుంచి అదే రాత్రి వచ్చి ఉంటే సగం గొడవ చల్లారేది. కేరళ అభిమానులు, బెంగళూరు అభిమానులు నెలల తరబడి ఒకే వీడియో చూసుకుంట ఒకరినొకరు తిట్టుకున్నరు. మా ఆఫీసుల ఇద్దరు దోస్తులు ఇప్పటికీ ఆ ముచ్చట వస్తే లేచి పోతరు.

2022 మార్చిల మన హైదరాబాద్ ఎఫ్‌సీ అదే కేరళ మీద షూటౌట్‌ల గెలిచి కప్ ఎత్తినప్పుడు ఎంత సంబురపడ్డం! ఆ గెలుపు మీద ఎవరూ వేలెత్తలేదు. ప్రతి గెలుపు అట్లనే ఉండాలని నా కోరిక.

నల్గొండ_పీఈటీ · ఆదివారం ఉదయం 10:02

బెంగళూరు తమ్ముడు మంచి మాట గుర్తు చేసిండు. నేను బడిలో పీఈటీని. పిల్లలకు ఆట నేర్పేవాడిగా ఒకటి రెండు చెప్తా.

పెద్ద తప్పులు చాలావరకు మనిషిని తీసేస్తే ఆగలేదు, పద్ధతి మారిస్తే ఆగినయ్. పాలమూరు గారు బక్నర్ సంగతి చెప్పారు. బక్నర్ పోయినంక ఎంపైర్ల తప్పులు ఆగినయా? అదే ఏడాది శ్రీలంకలో మన జట్టు ఆడిన సిరీస్‌లో రివ్యూ పద్ధతిని మొదటిసారి పరీక్షించారు. మన బోర్డే దాన్ని ఏండ్ల తరబడి వద్దన్నది, 2016లో గాని ఒప్పుకోలేదు. ఫుట్‌బాల్‌లో 2010 వరల్డ్ కప్, ఇంగ్లండ్–జర్మనీ. లాంపార్డ్ కొట్టిన బంతి బార్‌కు తగిలి గీతకు బాగా లోపల పడ్డది, గోల్ ఇయ్యలేదు. ప్రపంచమంతా చూసింది. 2012లో బంతి గీత దాటిందో లేదో చెప్పే గోల్ లైన్ టెక్నాలజీకి అనుమతి వచ్చింది, 2014 వరల్డ్ కప్‌లో వాడారు. అయితే అది ఉన్నోళ్లకే. ఖతార్ మ్యాచ్ రౌండ్‌లో లేదు, ఐఎస్ఎల్‌లో వీఏఆర్ లేక ఎన్ని సీజన్లు గడిచినయో చూసిన్రు. రెఫరీని అడిగేముందు, ఆ రెఫరీకి ఆ పరికరం ఎందుకు ఇయ్యలేదని పైవాళ్లను అడగాలె. వాళ్లు మాత్రం ఎప్పుడూ దొరకరు.

ఇంకొకటి. 2013 అక్టోబర్‌లో జర్మనీ లీగ్, హోఫెన్‌హైమ్–లెవర్‌కూసెన్. కీస్లింగ్ తలతో కొట్టిన బంతి పక్క వల బయటి వైపు తగిలి, వలలో ఉన్న చిరుగులోంచి లోపలికి పోయింది. రెఫరీ గోల్ ఇచ్చాడు. మళ్లీ ఆడించమని అడిగితే అక్కడి ఫుట్‌బాల్ సంఘం కోర్టు ఒప్పుకోలేదు. అంత పెద్ద లీగ్‌లో ఒక చిరుగు! మన దగ్గర ఏ గ్రౌండ్‌లోనైనా వల చూడండి. కింద కొక్కేలు ఉండవు, రాళ్లు పెడతారు. పక్కన చిరిగితే సుతిలితో కడతారు. సున్నం గీత మొదటి మ్యాచ్ అయ్యేసరికి సగం చెరిగిపోతది, మధ్యాహ్నం ఫైనల్‌కు గోల్ లైన్ ఎక్కడుందో కీపర్ మడమతో గీసిన గాటును బట్టి చెప్పాలె. లైన్స్‌మన్ జెండా పట్టుకునేది ఓడిపోయిన టీమ్ పిల్లగాడు. అట్లాంటి చోట బంతి దాటిందా లేదా అని రెఫరీ మెడ పట్టుకుంటే ఎట్లా?

మా పిల్లలు ఒక టోర్నమెంట్‌లో ఇట్లనే ఓడిపోయారు. పేరు వద్దు. నిబంధన ప్రకారం ప్రొటెస్ట్ ఫీజు కట్టి, మేనేజర్ సంతకంతో కాగితం ఇచ్చినం. "కొట్టివేయడమైనది" అని ఒక్క ముక్క రాసి ఇచ్చారు. ఎందుకో లేదు. పిల్లలు నన్ను అడిగారు, ఏమి చెప్పాలె? ఓడిపోవడం పిల్లలు తట్టుకుంటారు. కారణం చెప్పకపోతే మాత్రం, ఈ ఆటలో పైరవీ ఉన్నోడే గెలుస్తడని నేర్చుకుంటారు. అది నేను బడిలో ఎంత చెప్పినా పోదు.

సూర్యాపేట_జెండా · ఆదివారం ఉదయం 11:40

సార్, ఆ జెండా పట్టుకునేది ఇప్పుడు నేనే. డిగ్రీ అయిపోయింది, రెఫరీ పరీక్షకు చదువుకుంటున్న. అమ్మాయిని అని చెప్పనవసరం లేదు కానీ, గీత పక్కన నిలబడితే వెనక నుంచి ఏమేం వినబడతయో అది వేరే సంగతి.

2023 డిసెంబర్‌ల తుర్కియేల ఏం జరిగిందో చూసిన్రు కదా. మ్యాచ్ అయిపోంగనే క్లబ్ అధ్యక్షుడే మైదానంలకు వచ్చి రెఫరీ హలీల్ ఉముత్ మెలెర్‌ను ముఖం మీద గుద్దిండు, కింద పడితే ఇంకెవరో తన్నిన్రు. లీగ్‌లు ఆపేసిన్రు. ఆ అధ్యక్షునికి జీవితకాల నిషేధం పడ్డది, కోర్టు జైలు శిక్ష కూడా వేసింది. అదే దేశంల 2025 అక్టోబర్‌ల బెట్టింగ్ పెట్టిన్రని 149 మంది రెఫరీలను, అసిస్టెంట్లను సస్పెండ్ చేసిన్రు. రెండూ ఒక్క దేశంలనే. రెఫరీని కాపాడాలె, రెఫరీని తనిఖీ చేయాలె, రెండూ కావాలె.

నేను అడిగేది ఒకటే. నా తప్పు నాకు చెప్పండి, వీడియో పెట్టి చూపించండి, నా పేరు మీద రాయండి. నేను నేర్చుకుంట. పై గదిల మార్కులు వేసి, కింద జనంల నన్ను ఒంటరిగ వదిలేస్తే ఈ పనికి ఆడపిల్లలు కాదు, మగపిల్లలు కూడా రారు. రెఫరీలు దొరకకపోతే ఉన్నోళ్లతోనే రోజుకు మూడు మ్యాచ్‌లు వేయిస్తరు. మూడో మ్యాచ్ ఆఖరికి కాళ్లు లేవవు, అప్పుడే తప్పులు జరిగేది.

గద్వాల్_విజిల్ · ఆదివారం మధ్యాహ్నం 12:10

అమ్మా, నువ్వు పరీక్ష రాయి, వెనుకకు పోకు. మన హైదరాబాద్ గడ్డ మీద రెఫరీ పనికి గౌరవం ఉండేది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌ల మనకు బంగారం తెచ్చిన కోచ్ రహీం సాబ్ కొడుకు హకీం సాబ్, తనే 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టుల ఉన్న ఆటగాడు, తర్వాత ఫిఫా రెఫరీ అయిండు. ఆటగాళ్లు విజిల్ పట్టుకోవడం అప్పుడు నామోషీ కాదు.

వారం వారం రెఫరీ ప్రెస్ మీట్ పెట్టాలంటే మాత్రం నేను ఒప్పుకోను. ఓడిపోయిన పది నిమిషాలకు మైకులు ముందట పెడితే అది విచారణ కాదు, ఊరేగింపు. రాసిన నివేదిక చాలు, రెండు రోజుల్ల, పెద్ద నిర్ణయాల మీద మాత్రమే.

దేవరకొండ_స్టాపర్ · ఆదివారం సాయంత్రం 6:30

అందరి మాట విన్నంక నాకు తోచింది రాస్తున్న, కాదనేటోళ్లు కాదనండి.

పై లీగ్‌లల: గోల్, పెనాల్టీ, సీదా రెడ్ కార్డు, ఈ మూడింటి మీద అనుమానం వస్తే రెఫరీ ఏం చూసిండు, ఏ నిబంధన వాడిండు అన్నది రెఫరీల విభాగం రాసి బయట పెట్టాలె. వీఏఆర్ ఉన్న చోట ఆడియో కూడా. ఇంగ్లండ్‌ల పెడుతున్నరు, ఆకాశం ఊడి పడలేదు. సంతకం విభాగం పెద్దది ఉండాలె, ఎందుకంటే ఆ మ్యాచ్‌కు ఆ రెఫరీని పంపింది వాళ్లు, పరికరం ఇయ్యంది వాళ్లు. తప్పు మళ్లీ మళ్లీ అయితే కింది గ్రేడ్‌కు దించిన సంగతి దాచొద్దు. పైసలు తిన్నడని తేలితే గప్పుడు పాలమూరు అన్న చెప్పినట్టే, ఇంకా గట్టిగనే.

పాలమూరు_9 · ఆదివారం సాయంత్రం 7:05

నేను సగమే ఒప్పుకుంట. రాసిన కాగితం మంచిదే. కానీ క్లబ్‌కు 4 కోట్లు వేసేటప్పుడు చేతులు వణకలేదు, రెఫరీల విభాగానికి ఒక్క రూపాయి కోత ఎందుకు లేదు? రెఫరీ మీద వద్దు, సరే, ఆ చెల్లె రాసింది చదివినంక ఆ మాట నేను పట్టుబట్ట. విభాగం మీద వేయండి. ఒక సీజన్‌ల ఇన్ని తప్పులు దాటితే వాళ్ల బడ్జెట్ల నుంచి తీసి రెఫరీల ట్రైనింగ్‌కు పెట్టండి.

వనపర్తి_వకీల్ · ఆదివారం రాత్రి 7:40

అది ఆలోచించదగిన మాటే. తప్పుల లెక్క ఎవరు కడతారన్నది మాత్రం ముందే తేల్చాలి. విభాగం తన లెక్క తానే కడితే ఎప్పుడూ హద్దు దాటదు. ఇంగ్లండ్‌లో పెద్ద సంఘటనలను చూసే ప్యానెల్‌లో మాజీ ఆటగాళ్లు, కోచ్‌లే ఎక్కువమంది ఉంటారు. మన దగ్గర మాజీ ఆటగాళ్లకు కొదవ లేదు.

నల్గొండ_పీఈటీ · ఆదివారం రాత్రి 8:20

పైవాళ్లు ఎప్పుడు చేస్తారో చేయనీయండి. మేం వచ్చే నెల నడిపే స్కూల్ టోర్నమెంట్ నిబంధనల్లో రెండు లైన్లు కలుపుతున్నా. మ్యాచ్‌కు ముందు ఇద్దరు కెప్టెన్లు, రెఫరీ కలిసి రెండు వలలు, నాలుగు గీతలు చూసి సంతకం పెట్టాలె. ప్రొటెస్ట్ వస్తే కారణం రాయకుండా కొట్టివేయడానికి లేదు, మరుసటి రోజు పొద్దున మ్యాచ్ మొదలుకాకముందే ఇయ్యాలె. వకీల్ సాబ్, డ్రాఫ్ట్ పంపుతా, భాష సరిచేయండి. గద్వాల్ సార్, మీరు ఒక రోజు ముందు వచ్చి మా జెండా పిల్లలకు గోల్ లైన్ దాకా ఎట్ల ఉరకాలెనో చూపిస్తరా? సూర్యాపేట అమ్మాయిని కూడా పిలుస్తున్నా.

గద్వాల్_విజిల్ · ఆదివారం రాత్రి 8:34

వస్త సార్. సున్నం ఎక్కువ తెప్పించుండ్రి, ప్రతి మ్యాచ్‌కు ముందు గీత మళ్లీ వేయాలె.